పిక్కల నొప్పి నుంచి డయాలిసిస్ దాకా: ఎలుక జ్వరంలో కండరాలు, కిడ్నీలు కలిసి ఎందుకు దెబ్బతింటాయి

క్లుప్తంగా

ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) చాలామందికి మామూలు జ్వరంలా వచ్చి తగ్గిపోతుంది. కొద్దిమందిలో కండరాల కణాలు చితికిపోయి, వాటిలో ఉన్నదంతా రక్తంలోకి వచ్చి, బ్యాక్టీరియా అప్పటికే చేరి ఉన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తుంది. మూత్రం బాగానే వస్తున్నా కిడ్నీ చెడిపోతూ ఉండొచ్చు. వానాకాలం జ్వరంలో ప్లేట్‌లెట్లతో పాటు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, కండరాల దెబ్బ చెప్పే సీపీకే కూడా చూస్తే ఈ ప్రమాదం ముందే తెలుస్తుంది. సమయానికి యాంటీబయాటిక్, అవసరమైతే ఆలస్యం చేయకుండా డయాలిసిస్ అందితే చాలామంది కిడ్నీలు తిరిగి కోలుకుంటాయి.

వానలు మొదలయ్యాక మన దగ్గర జ్వరం అనగానే మొదట వచ్చే ప్రశ్న ప్లేట్‌లెట్లు ఎన్ని అని. డెంగీ భయం అంతలా పాతుకుపోయింది, అందులో తప్పేమీ లేదు. కానీ డెంగీ నెగెటివ్ వచ్చి, జ్వరం తగ్గక, కాళ్ళు నేల మీద పెట్టలేనంత నొప్పులు వచ్చి, నాలుగైదు రోజుల తర్వాత కళ్ళు పచ్చబడి, ఆస్పత్రికి వెళ్తే "కిడ్నీలు ఫెయిలయ్యాయి, డయాలిసిస్ చేయాలి" అని చెప్పినప్పుడు కుటుంబం మొత్తం అయోమయంలో పడిపోతుంది. షుగర్ లేదు, బీపీ లేదు, నిన్నటిదాకా పొలంలో పని చేసిన మనిషి. జ్వరానికీ కండ నొప్పికీ కిడ్నీకీ ఏంటి సంబంధం అన్నది ఎవరికీ అర్థం కాదు. ఆ సంబంధం ఎలా ఉంటుందో విడమరిచి చూద్దాం.

కండరం చితికితే రక్తంలోకి ఏం వస్తుంది

కండర కణం లోపల పొటాషియం, ఫాస్ఫరస్, శక్తి తయారీకి కావాల్సిన క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము, ఆక్సిజన్‌ను నిల్వ ఉంచుకునే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీను ఉంటాయి. ఇవి కణం లోపల ఉన్నంతసేపు మంచివే. కణం పొర చిరిగి ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి పడితేనే సమస్య. దీన్నే వైద్యులు రాబ్డోమయోలిసిస్ అంటారు. ల్యాబుల్లో సీపీకే అని రాసే పరీక్ష ఆ క్రియాటిన్ కైనేజ్‌దే. మామూలుగా 200 లోపు ఉండే ఈ అంకె 1000 దాటితే కండరాలు చితుకుతున్నాయని అనుమానిస్తారు. 5000 దాటితే కిడ్నీకి ముప్పు గట్టిగానే ఉన్నట్టు లెక్క.

ఈ సంబంధం మొదట బాగా బయటపడింది ఇన్‌ఫెక్షన్లలో కాదు, యుద్ధంలో. 1940-41లో లండన్ మీద జర్మన్ బాంబులు పడ్డప్పుడు కూలిన ఇళ్ళ కింద గంటల తరబడి కాళ్ళు నలిగిన కొందరిని ప్రాణాలతో బయటికి తీశారు. వాళ్ళు మొదట బాగానే కనిపించి, కొన్ని రోజుల్లో మూత్రం ఆగిపోయి చనిపోయారు. బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు వైద్యులు 1941లో ఈ కేసుల గురించి రాశారు. నలిగింది కాలు, పోయింది కిడ్నీ. శిథిలాల కింద బరువు పడి జరిగిన పనే ఇన్‌ఫెక్షన్‌లో బ్యాక్టీరియా లోపలి నుంచి చేయగలదు.

ఎన్నో రకాల బ్యాక్టీరియా ఇలా చేస్తాయి. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశంలో న్యుమోనియా పుట్టించి బయటపడ్డ లెజియొనెల్లా ఇందులో బాగా పేరుపడింది. స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్, టైఫాయిడ్ కుటుంబానికి చెందిన సాల్మొనెల్లా కూడా ఉన్నాయి. కొన్ని నేరుగా కండరంలోకి చొరబడతాయి, కొన్ని విషాలు వదులుతాయి. ఇంకొన్నిసార్లు బీపీ పడిపోయి కండరానికి రక్తం అందక, పైగా తీవ్రమైన చలిజ్వరంతో వణుకుతూ, ఒంట్లో నీరు తగ్గిపోయి కణాలు చస్తాయి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలు వాడేవాళ్ళకి ముప్పు ఇంకాస్త ఎక్కువ. వాళ్ళకి క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే కొన్ని స్టాటిన్లు ఒంట్లో పేరుకుపోతాయి కూడా. అందుకే జ్వరానికి చూపించుకునేటప్పుడు రోజూ వాడే మాత్రల పేర్లు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

ఎలుక జ్వరం ఎవరికి, ఎలా వస్తుంది

మన వాతావరణానికి, మన పనులకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది మాత్రం లెప్టోస్పైరా. ఇది సన్నగా, మెలికలు తిరిగి, చివర కొక్కెంలా వంగి ఉండే బ్యాక్టీరియా. ఎలుకలు, పందికొక్కులు, కుక్కలు, పశువులు, పందుల కిడ్నీల్లో ఉండి మూత్రంతో బయటికి వస్తుంది. ఎలుకకి దీనివల్ల పెద్దగా ఏమీ కాదు, నెలల తరబడి మూత్రంలో వదులుతూనే ఉంటుంది. తడి నేలలో, నిలిచిన నీళ్ళలో అది వారాలపాటు బతికి ఉంటుంది. కాలి మీద చిన్న గీత, నీళ్ళలో నాని మెత్తబడ్డ చర్మం, కళ్ళు, నోరు, ఏదో ఒక దారి చాలు మనిషిలోకి రావడానికి. చాలామందిలో ఒకటి రెండు వారాల్లో జ్వరం మొదలవుతుంది, కొందరికి నెల దాకా పట్టొచ్చు.

1886లో జర్మనీలో అడాల్ఫ్ వీల్ అనే వైద్యుడు జ్వరం, కామెర్లు, కిడ్నీ దెబ్బ కలిసి వచ్చే ఈ తీవ్ర రూపాన్ని వివరించాడు. అందుకే దాన్ని ఇప్పటికీ వీల్స్ డిసీజ్ అంటారు. అసలు బ్యాక్టీరియాని జపాన్‌లో ఇనాడ, ఇడో బృందం కనిపెట్టింది, అక్కడి బొగ్గు గని కార్మికుల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉండేది. 2015లో అంతర్జాతీయ పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 10 లక్షలకు పైగా కేసులు, దాదాపు 58,900 మరణాలు. ఇంత పెద్ద జబ్బు గురించి మన ఇళ్ళలో ఇంత తక్కువ మాట్లాడుకోవడం బాధాకరం.

మన దేశంలో అండమాన్‌లో, కేరళలో, దక్షిణ గుజరాత్‌లో, తమిళనాడులో ఇది ఎప్పటినుంచో ఉంది. 1999 ఒడిశా పెను తుఫాను తర్వాత, 2005 జులైలో ముంబై మునిగిన తర్వాత, 2018 కేరళ వరదల తర్వాత కేసులు బాగా పెరిగాయి. కేరళలో దీన్ని ఎలిప్పని అంటారు, వరద రాగానే ప్రభుత్వమే దీని గురించి హెచ్చరికలు ఇస్తుంది. మన దగ్గర నాట్లు వేసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు, చేపల, రొయ్యల చెరువుల్లో దిగేవాళ్ళు, పశువుల కొట్టాలు కడిగేవాళ్ళు, అందరికంటే ముఖ్యంగా మురుగు కాలువల్లో పని చేసే పారిశుద్ధ్య కార్మికులు దీనికి రోజూ ఎదురుగా ఉన్నట్టే. 2024లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు నగరంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా రోజుల తరబడి మురుగు కలిసిన నీళ్ళలో నడిచారు. పొలం లేదు కాబట్టి మనకి రాదులే అనుకోవడానికి లేదు.

కిడ్నీకి రెండు వైపుల నుంచి దెబ్బ

లెప్టోస్పైరా రక్తంలోకి వచ్చిన మొదటి వారంలోనే కండరాలకి, కాలేయానికి, ఊపిరితిత్తులకి, కిడ్నీలకి చేరుతుంది. రోగుల పిక్కల నుంచి తీసిన చిన్న ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసినప్పుడు అక్కడక్కడ చచ్చిన కండర కణాలు, వాటి దగ్గర బ్యాక్టీరియా తాలూకు ఆనవాళ్ళు కనిపించాయి. పిక్కలు, నడుము పట్టుకుంటేనే ఓర్చుకోలేనంత నొప్పి ఉండటానికి కారణం ఇదే. ఏ జ్వరంలోనైనా ఒళ్ళు నొప్పులు ఉంటాయి, కానీ పిక్కని వేలితో నొక్కితే మనిషి ఉలిక్కిపడే నొప్పి వేరు.

చితికిన కండరం నుంచి వచ్చిన మయోగ్లోబిన్ చిన్న ప్రోటీను, కిడ్నీ జల్లెడలోంచి తేలిగ్గా దిగిపోతుంది. దిగాక మూడు రకాలుగా హాని చేస్తుంది. కిడ్నీలోని సన్న రక్తనాళాలు బిగుసుకుని రక్తం తగ్గుతుంది. మయోగ్లోబిన్‌లోని ఇనుము, కిడ్నీలో మూత్రం తయారయ్యే సన్న గొట్టాల (నాళికల) గోడ కణాలను కాల్చేస్తుంది. ఒంట్లో నీరు తక్కువై మూత్రం చిక్కగా, ఆమ్లంగా ఉంటే కిడ్నీ సొంత ప్రోటీనుతో కలిసి గడ్డకట్టి, చేలో తూముకి నాచు అడ్డంపడ్డట్టు నాళికల్ని మూసేస్తుంది. మూత్రం నల్ల టీ రంగులోకి మారేది అప్పుడే. ఇక్కడ ల్యాబులో ఒక వింత కనిపిస్తుంది. స్ట్రిప్ ముంచితే రక్తం ఉందని రంగు మారుతుంది, మైక్రోస్కోపులో చూస్తే ఎర్ర కణాలు ఉండవు లేదా ఒకటీ అరా ఉంటాయి. స్ట్రిప్‌కి హిమోగ్లోబిన్‌కీ మయోగ్లోబిన్‌కీ తేడా తెలియదు కాబట్టి.

ఇది ఒక వైపు. రెండో వైపు బ్యాక్టీరియా నేరుగా కిడ్నీ నాళికల్లో మకాం వేయడం. మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో 99 శాతం మళ్ళీ వెనక్కి లాక్కుంటాయి. ఆ లాక్కోవడంలో మూడింట రెండు వంతుల పని చేసే మొదటి భాగాన్నే లెప్టోస్పైరా ఎక్కువగా దెబ్బతీస్తుంది. దాని పొర నుంచి వచ్చే పదార్థాలు సోడియాన్ని లాగే పంపుల్ని పని చేయనివ్వవు. లాగని సోడియం, నీరు కిందికి పోతాయి, కింద ఉన్న భాగం ఆ సోడియాన్ని కొంతైనా పట్టుకోవాలని చూసి, బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేస్తుంది.

దీనివల్ల వచ్చే పరిస్థితి మామూలు కిడ్నీ ఫెయిల్యూర్‌కి దాదాపు తలకిందులు. సాధారణంగా కిడ్నీ ఆగితే మూత్రం తగ్గుతుంది, పొటాషియం పెరుగుతుంది. కండరం చితికినప్పుడైతే పొటాషియం ఇంకా ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పుతుంది. ఎలుక జ్వరంలో మాత్రం మొదటి రోజుల్లో క్రియాటినిన్ పెరుగుతూ ఉన్నా మూత్రం ధారాళంగా వస్తుంది, పొటాషియం తక్కువగానో మామూలుగానో ఉంటుంది. అందుకే "మూత్రం బాగానే పోతున్నాడు, కిడ్నీకేం కాలేదు" అనే మాట ఈ జబ్బులో చాలా ప్రమాదకరం. మూత్రం పోవడం, కిడ్నీ మలినాల్ని తీసేయడం రెండూ ఒకటి కావు. పైగా పొటాషియం బాగా తగ్గితే కండరానికి రక్తం అందడం తగ్గి, అది ఇంకా చితుకుతుంది. వాంతులు, విరేచనాలు, సరిగ్గా తాగకపోవడం వల్ల నీరు తగ్గి, జ్వరం ముదిరితే మూత్రం నిజంగానే ఆగిపోతుంది, అప్పుడు పొటాషియం పైకి ఎగబాకుతుంది. ఒకే రోగిలో వారం తిరక్కుండా రెండూ జరగొచ్చు. అందుకే పొటాషియం ఒక్కసారి చూసి వదిలేసే పరీక్ష కాదు, రోజూ చూడాలి, తీవ్రంగా ఉంటే రోజుకి రెండు మూడు సార్లు చూడాలి.

కామెర్లు అనుకుని పసరు తాగితే

తీవ్రమైన ఎలుక జ్వరంలో కళ్ళు పసుపుపచ్చగా, ఒక్కోసారి నారింజ రంగులో కనిపిస్తాయి. ఊళ్ళలో వెంటనే పసరు మందుకి తీసుకెళ్తారు, పథ్యం పెడతారు. హెపటైటిస్ ఎ లాంటి కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకి పేరొచ్చింది. ఎలుక జ్వరంలో అలా వారం పోగొట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

రక్తపరీక్ష కాగితంలో తేడా తెలుస్తుంది. వైరస్ కామెర్లలో కాలేయ కణాలు చస్తాయి, అందుకే వాటిలో ఉండే ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ అనే ఎంజైములు రక్తంలో వందలు దాటి వేలలోకి వెళ్తాయి. ఎలుక జ్వరంలో కళ్ళు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ 15, 20 దాటినా ఈ ఎంజైములు చాలాసార్లు 200 లోపే ఉంటాయి, ఎందుకంటే ఇక్కడ కాలేయ కణాలు పెద్దఎత్తున చావవు, వాటి మధ్య అతుకులు వదులై పైత్యం రక్తంలోకి కారుతుంది. ఎస్‌జీవోటీ కండరాల్లో కూడా ఉంటుంది కాబట్టి అది ఎస్‌జీపీటీ కంటే ఎక్కువగా కనిపించడం మామూలే. బిలిరుబిన్ అంతగా పెరిగితే అది కూడా కిడ్నీ నాళికల్ని దెబ్బతీస్తుంది. అంటే కామెర్లు, పెరిగిన సీపీకే, పెరిగిన క్రియాటినిన్, అంతంతమాత్రం ఎస్‌జీపీటీ ఒకే కాగితం మీద కనిపిస్తే ముందుగా ఎలుక జ్వరాన్ని అనుమానించాలి.

డెంగీకి, స్క్రబ్ టైఫస్‌కి తేడా

ప్లేట్‌లెట్లు మూడింటిలోనూ పడిపోతాయి, అసలు గందరగోళం అక్కడే. డెంగీలో తెల్ల కణాలు సాధారణంగా తగ్గుతాయి, తీవ్రమైన ఎలుక జ్వరంలో పెరుగుతాయి. డెంగీలో ప్లాస్మా కారి రక్తం చిక్కబడటం ముఖ్య ప్రమాదం, క్రియాటినిన్ తొందరగా పెరగదు. పొదల్లో ఉండే సన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌లో చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పుండు ఉండొచ్చు, అందరిలోనూ ఉండదు. ఎలుక జ్వరంలో కళ్ళు ఎర్రబడతాయి కానీ పుసులు ఉండవు. ఈ గుర్తులు అన్నీ అందరిలో ఉండవు, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, రెండు జబ్బులు కలిసి కూడా రావొచ్చు.

ఖాయం చేసే పరీక్షలకి సమయం ముఖ్యం. రక్తంలో బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ మొదటి వారంలో పనికొస్తుంది. దాని మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలైజా ఐదారు రోజులు దాటాకే పాజిటివ్ అవుతుంది, మూడో రోజు నెగెటివ్ వచ్చిందంటే జబ్బు లేదని కాదు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. డాక్సీసైక్లిన్ ఎలుక జ్వరం మీదా స్క్రబ్ టైఫస్ మీదా పనిచేస్తుంది, ఏదో తేలని రోజుల్లో ఇది చాలా పెద్ద వెసులుబాటు.

నొప్పికి ఇంజెక్షన్: అసలు తప్పు జరిగేది ఇక్కడ

కాళ్ళు కదపలేనంత నొప్పి వస్తే ఎవరైనా మొదట అడిగేది నొప్పి తగ్గే ఇంజెక్షనే. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ నడుముకి వేస్తారు, ఒక పూట హాయిగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా నాళాల్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు మన శరీరంలోనే తయారవుతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వాటి తయారీనే ఆపేస్తాయి. అప్పటికే మయోగ్లోబిన్‌తో, బ్యాక్టీరియాతో ఇబ్బంది పడుతున్న కిడ్నీకి ఉన్న ఆ ఒక్క ఆసరా కూడా పోతుంది. పైగా ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నవాళ్ళకి కండకి సూది వేస్తే లోపల రక్తం కారి గడ్డలా చేరొచ్చు, సీపీకే కూడా కొంత పెరిగి లెక్క తప్పుతుంది. జ్వరానికి, నొప్పికి సరైన మోతాదులో పారాసెటమాల్ చాలు. ఇంజెక్షన్ వేసేవాళ్ళ మీద నేరం మోపి లాభం లేదు, అడిగేది మనమే, వాళ్ళకి ఈ విషయం చెప్పి శిక్షణ ఇవ్వాల్సింది వ్యవస్థ.

చికిత్స, డయాలిసిస్ భయం

తేలికగా ఉంటే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, సాధారణంగా ఏడు రోజులు ఇస్తారు. గర్భిణులకి, చిన్నపిల్లలకి డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. తీవ్రంగా ఉంటే సిరలోకి పెన్సిలిన్ లేదా సెఫ్ట్రియాక్సోన్. కండరం చితుకుతుంటే సెలైన్ ధారాళంగా ఎక్కించి మూత్రం బాగా పోయేలా చేయడం ముఖ్యం, కానీ ఎలుక జ్వరంలో ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అయ్యే ముప్పు ఉంటుంది కాబట్టి ఎడాపెడా ఎక్కించడానికి కుదరదు. దగ్గులో రక్తం, ఆయాసం కనిపిస్తే ఆ రోగిని ఐసీయూ ఉన్న చోటికి వెంటనే పంపాలి. ఆ రూపంలో మరణాలు 50 శాతం దాకా ఉంటాయి.

డయాలిసిస్ అంటే మన ఇళ్ళలో టెన్షన్ మొదలవుతుంది, ఒకసారి పెడితే జీవితాంతం పెట్టాలేమో అని ఒకటి రెండు రోజులు వెనకాడతారు. ఈ జబ్బులో ఆ రెండు రోజులే ఖరీదైనవి. బ్రెజిల్‌లో వీల్స్ డిసీజ్‌తో ఐసీయూలో చేరిన 33 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆలస్యంగా మొదలుపెట్టి రోజు విడిచి రోజు డయాలిసిస్ చేసిన వాళ్ళలో దాదాపు 67 శాతం చనిపోతే, వెంటనే మొదలుపెట్టి రోజూ చేసిన వాళ్ళలో చనిపోయింది 17 శాతమే. చిన్న అధ్యయనమే, కానీ తేడా చాలా పెద్దది. ఇక్కడ డయాలిసిస్ చాలామందికి కొన్ని రోజులో, ఒకటి రెండు వారాలో మాత్రమే అవసరమవుతుంది, ఎందుకంటే దెబ్బతిన్న నాళికల కణాలు మళ్ళీ పుడతాయి.

ఈ విషయంలో ఉద్దానం గుర్తొచ్చి భయపడేవాళ్ళు ఉంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించేది ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ముదిరే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, దాని కారణం ఇదీ అని తేలలేదు. ఎలుక జ్వరంలో కిడ్నీ రోజుల్లో చెడి, వారాల్లో కోలుకునేది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ముందు జాగ్రత్త ఎంతవరకు పనిచేస్తుంది

గమ్‌బూట్లు వేసుకోండని చెప్పడం తేలిక, మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే మనిషి వాటితో అడుగు తీసి అడుగు వేయలేడు. అందుకే ఎక్కువగా ఎదురయ్యే వాళ్ళకి వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చే పద్ధతి ఉంది. 1980ల్లో పనామాలో అమెరికా సైనికులపై చేసిన పరీక్షలో అది బాగా పనిచేసింది, కేరళ వరదల్లో సహాయక సిబ్బందికి, మునిగిన ఊళ్ళవాళ్ళకి ఇచ్చారు. ఏడాది పొడవునా వేసుకునే మాత్ర కాదిది, వరద లాంటి కొద్ది వారాలకే, అదీ వైద్యుల సలహాతోనే. మురుగు కాలువలో దిగే కార్మికుడికి బూట్లు, గ్లౌజులు ఇవ్వడం మాత్రం సలహా స్థాయిలో ఆగిపోకూడదు, అది పని ఇచ్చేవాళ్ళ బాధ్యత. కాళ్ళ మీద గాయాలుంటే కప్పి నీళ్ళలో దిగడం, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవడం, ధాన్యం దగ్గర ఎలుకల్ని తగ్గించడం ఎవరికైనా సాధ్యమే.

డాక్టరుతో మొదటి రోజే చెప్పాల్సిన మాట ఒకటుంది: గత నెల రోజుల్లో వరద నీళ్ళలోనో పొలంలోనో చెరువులోనో మురుగులోనో దిగామని. పరీక్షల దారి మార్చేది ఆ ఒక్క మాటే, అడగకపోయినా చెప్పాలి. జబ్బు తగ్గి ఇంటికి వచ్చాక సీపీకే కొన్ని రోజుల్లోనే కిందికి దిగుతుంది, క్రియాటినిన్‌కి ఇంకొంత సమయం పడుతుంది. కొద్దిమందిలో అది పూర్తిగా మామూలు స్థితికి రాదు కాబట్టి, డిశ్చార్జి అయిన మూడు నెలల తర్వాత క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను ఒకసారి చూపించుకోవాలి. అప్పటిదాకా నొప్పి మాత్రలు డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు.